గోధుమరంగు ఆడ ఎలుకలు

మా లాండ్రీలో ఆవిరి బాయిలరు పేలింది చలికాలం చివర్లో. నేను చెప్పబోయేది ఆ వెంటనే వచ్చిన ఎండాకాలం సంగతి. ఆ మూడు నెలలు గడిచేసరికి మా ఇల్లు మునుపటి ఇల్లు కాదు, నేనూ మునుపటి మనిషిని కాదు.

లాండ్రీ మా ఆయనదీ, ఆయన అక్కదీ. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరే నడుపుతున్నారు. పేలేముందు వాల్వు ఈల వేసిందట. రోజూ వేసేదే గదా అని ఎవరూ పట్టించుకోలేదు. వెనక గోడ కూలిందిగానీ, అదృష్టం బాగుండి లోపలున్న ఇద్దరూ చిన్న చిన్న దెబ్బలతో బయటపడ్డారు. నెలన్నరలో గోడ లేచింది. కొత్త బాయిలరు వచ్చి కూర్చుంది. లేవనిది మా ఆయనే.

అంటే మంచాన పడ్డారని కాదు. తినేవారు, పడుకునేవారు, పేపరు చదివేవారు. కానీ వంటింట్లో కెటిల్ ఈల వేసిందంటే చాలు, ఎక్కడున్నవారు అక్కడే కొయ్యబారిపోయేవారు. పేపరు సగం తిప్పి ఉంటే సగంలోనే ఆగేది. కళ్లు కూడా ఆర్పేవారు కాదు. వారానికోసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మొదలుపెట్టాం. గుండె డాక్టరు కాదు, మనసు డాక్టరు.

తీసుకెళ్లేది మా వదినే, అదే ఆయన అక్క. యాభై రెండేళ్ల మనిషి, మేమంటే ప్రాణం పెడుతుంది. పేలిన మూడో రోజే లేచి ఇల్లంతా దులిపింది. చూడ్డానికొచ్చిన వాళ్లందరూ, "అదే రక్తం, అదే ప్రమాదం. అక్క చూడు ఎంత గట్టిదో, తమ్ముడే పాపం" అని వెళ్లేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ మాట ఆవిడ ముందే ఎన్నిసార్లు అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను పనిచేసేది ఎలుకల దగ్గర. విశ్వవిద్యాలయంలో మెదడు మీద పరిశోధన చేసే ల్యాబులో టెక్నీషియన్ని. పదిహేనేళ్లుగా వాటికి తిండి, నీళ్లు, పరుపు మార్చడం, తోకకు గుర్తు వేయడం, ప్రయోగానికి తెచ్చి మళ్లీ గూట్లో దింపడం, అన్నీ నేనే. చదువు పెద్దగా లేదు. చేతులకు మాత్రం పని బాగా వచ్చు. ఎలుకను అరచేతిలోకి తీసుకుంటే దాని ఒంట్లో వణుకెంతో చెప్పగలను.

ఆ ఏడు మా ల్యాబు పెట్టుకున్న పని భయం గురించి. చిన్న పెట్టె, కింద సన్నటి ఉక్కు కడ్డీలు, పైన కెమెరా. ఎలుకను అందులో దింపి అరనిమిషం ఒక శబ్దం వినిపిస్తారు. శబ్దం ఆగే క్షణంలో కాళ్లకు చిన్న షాకు. అలా ఐదుసార్లు. మర్నాటి నుంచి నాలుగు రోజులు వేరే పెట్టె, అదే శబ్దం, షాకు ఉండదు. మొదట ఎలుక శబ్దం వినగానే బిగుసుకుపోతుంది. రోజులు గడిచేకొద్దీ, ఇప్పుడీ శబ్దం వస్తే ఏమీ కాదని కొత్తగా నేర్చుకుని మామూలుగా తిరుగుతుంది. పాత భయం చెరిగిపోదట, దాని మీద కొత్త పాఠం కూర్చుంటుందట. ఏ జాతి ఎంత తొందరగా నేర్చుకుంటుంది, మగవాటికీ ఆడవాటికీ తేడా ఉందా, ఇదీ ప్రశ్న. నల్లవి, తెల్లవి, గోధుమరంగువి, మూడు జాతులు. ఒక్కో జాతిలో డజను మగవి, డజను ఆడవి.

పని గడ్డం సారుది, ఆయన గడ్డం చూసి మేం పెట్టుకున్న పేరది. ఆయన డాక్టరేటు దీని మీదే ఆధారపడి ఉంది. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అక్కా అంటాడు. మంచివాడే, కంప్యూటరు చెబితే తప్ప ఏదీ నమ్మడు, అంతే.

ఎండలు ముదిరిన ఒక ఉదయం, "ఈ గోధుమరంగు ఆడవాటితో నా ప్రాణం పోతోంది అక్కా" అన్నాడు తెర మీద గీతలు చూపిస్తూ. "మొదటి రోజు కూడా శబ్దానికి బిగుసుకోవడం లేదు. ఇవి భయం నేర్చుకోనే లేదు. లేని భయం పోయిందో లేదో ఎలా కొలుస్తాం? తీసేద్దాం."

"తీసేయడమంటే?"

"లెక్కలోంచి. ఈ జాతి ఆడవి భయం నేర్చుకోవు అని ఒక్క ముక్క రాసి వదిలేద్దాం."

నాకెందుకో మనసొప్పలేదు. "సారూ, ఒక్కో ఎలుక అయ్యాక పెట్టె తుడిచేది నేను."

"అయితే?"

"నల్ల మగది రెండో మూడో పెంటికలు వేస్తుంది. ఇవి పదీ పన్నెండూ వేస్తున్నాయి. భయం లేని ఎలుక అన్నెందుకు వేస్తుంది?"

ఆయన పడీపడీ నవ్వాడు. "పెంటికల మీద థీసిస్ రాయమంటారా నన్ను?"

రాస్తే మీ గడ్డం కన్నా ఒత్తుగా వస్తుంది అనాలనిపించింది. అనలేదు. భోజనాల వేళ అందరూ బయటికెళ్లాక, ఆ వీడియోలు తెరిచి కూర్చున్నాను.

శబ్దం రాకముందు ఎలుక నింపాదిగా మూలలు వాసన చూసుకుంటోంది. శబ్దం మొదలైంది. ఆ మూల నుంచి ఈ మూలకు బాణంలా దూసుకుపోయింది. గోడకు ముక్కు తగిలింది. మళ్లీ అక్కణ్నుంచి ఇంకో మూలకు. శబ్దం ఆగాక కాసేపు రొప్పుతూ నిలబడి, మళ్లీ నెమ్మదిగా తిరిగింది. రెండో ఎలుకా అంతే. ఐదోదీ అంతే. కంప్యూటరు కొలిచేది కదలకుండా ఉన్న క్షణాలను. పరుగెత్తే దాన్ని అది ధైర్యం కింద రాసేసుకుంది.

గడ్డం సారుకు చూపిస్తే, "హుషారు జాతి అక్కా, ఊరికే పరుగెడుతోంది" అని నా మాట చెవిన పెట్టలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన ముందుగదిలో ఉన్నారు, వదిన వంటింట్లో అంట్లు తోముతోంది. టీ కోసం నేనే కెటిల్ పెట్టాను. నీళ్లు మరిగి ఈల మొదలైందో లేదో, వదిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ సంచీ అందుకుంది.

"అమ్మాయ్, పాలు అయిపోయినట్టున్నాయి, తెస్తా" అని, నేను సమాధానం చెప్పేలోపే గుమ్మం దాటింది. చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు.

ముందుగదిలో మా ఆయన పేపరు పట్టుకుని రాయిలా కూర్చున్నారు. నేను కెటిల్ దించి, ఫ్రిజ్ తెరిచాను.

లోపల ఐదు పాల ప్యాకెట్లున్నాయి.

ఎలుకను చూసి మనిషి గురించి తేల్చేయకూడదని మా ల్యాబు నడిపే పెద్ద మేడమ్ వందసార్లు చెప్పారు. నేనేమీ తేల్చలేదు. ఫ్రిజ్ మూసి, టీ మూడు కప్పుల్లో పోసి, వదిన కప్పు మీద మూత పెట్టి కూర్చున్నాను. బాయిలరు పేలినప్పట్నుంచి కెటిల్ ఈల వేస్తుండగా ఆవిడ ఇంట్లో ఉన్న రోజు ఒక్కటైనా ఉందా అని ఆలోచించాను. దొరకలేదు.

మర్నాడు వదిన మేడపైన బట్టలు తీస్తుంటే పక్కన చేరాను. మూతపడి ఉన్న లాండ్రీ దుకాణం కొనడానికి పక్కవీధి బేకరీ ఆయన వచ్చి వెళ్లిన రోజది. ఎండాకాలం అయ్యేలోపు ఏ సంగతో చెప్పమన్నాడు. మా ఆయన ఇచ్చేద్దామన్నారు. వదిన, "ఇచ్చెయ్‌రా, నాకేం" అంది. పద్దెనిమిదేళ్ల దుకాణాన్ని అంత తేలిగ్గా వదులుకునే మనిషి కాదు ఆవిడ.

"వదినా, ఫ్రిజ్‌లో ఐదు పాల ప్యాకెట్లున్నాయి."

"ఉంటే ఉండనీ. విరిగితే పారబోస్తాం."

"కెటిల్ పెట్టినప్పుడల్లా బయటికెందుకెళ్తున్నారు?"

ఆవిడ గిర్రున తిరిగింది. "ఏం, భయమనుకున్నావా? నేనేమన్నా వాడిలా కూలబడ్డానా? ఈ ఇల్లు నడుపుతున్నదెవరు? వాణ్ని డాక్టరు దగ్గరికి తిప్పుతున్నదెవరు?"

"భయమని నేననలేదు వదినా."

ఆవిడ దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది. సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి. ఇక మడతపడనంత చిన్నదయ్యాక చేతులు ఆగాయి.

"కదులుతూ ఉంటే ఏం కాదమ్మాయ్" అంది నెమ్మదిగా. "ఆగానంటే మాత్రం... వీపు వెనక గోడ ఉందనిపించదు."

ఆ దుప్పటి నేను అందుకున్నాను.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"అందరూ గట్టిదానివి, గట్టిదానివి అంటిరి. అన్నాక ఇంకేం చెప్పను? వాడూ అలా ఉండి, నేనూ అలా అయితే మీకెవరు దిక్కు?"

ఆ వారం డాక్టరు గదిలోకి మా వదిన వెళ్లింది. బయట కుర్చీలో మా ఆయన కూర్చున్నారు. విషయం నేను చెప్పగానే ఆయన, "నేనే చూసుకోవాల్సింది. పక్కనే ఉన్నాను కదా" అన్నారు. బాయిలరు పేలిన తర్వాత ఆయన ఇంకొకరి గురించి బాధపడటం నేను చూడటం అదే మొదటిసారి.

ల్యాబులో నేను తిన్నగా పెద్ద మేడమ్ గదికే వెళ్లాను. గడ్డం సారును కూడా రమ్మన్నాను. వెనకాల వెళ్లి చెప్పడం నాకు నచ్చదు.

మేడమ్ మూడు వీడియోలు చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకూ భయంలాగే కనిపిస్తోంది. కానీ కనిపించడం సాక్ష్యం కాదు. అది ఏ ఎలుకో, ఎన్నో రోజో మీకు తెలిస్తే, మీరు చూడాలనుకున్నదే చూస్తారు."

"తెలియకుండా చేసి ఇవ్వండి మేడమ్. చూస్తాను."

"అన్నీనా? మూడు వందలకు పన్నెండు తక్కువ."

"అన్నీ."

గడ్డం సారు వీడియోల పేర్లు చెరిపి, అంకెలు వేసి, కలగాపులగం చేసి ఇచ్చాడు. పైనుంచి తీసిన బొమ్మలో ఆడో మగో తెలియదు, మొదటి రోజో ఆఖరి రోజో అసలే తెలియదు. నాతోపాటు విడిగా లెక్కపెట్టడానికి, పక్క ల్యాబులో చేపల మీద పనిచేసే ఆవిణ్ని ఒప్పించాను. మేమంతా చేపలమ్మ అంటాం. "ఎలుకల మొహం ఎప్పుడూ చూడలేదు నేను" అంది. "అందుకే నువ్వు కావాలి" అన్నాను.

మూడు వారాలు ఆ తెర ముందే. శబ్దం వినగానే ఎన్నిసార్లు దూసుకుపోయింది, శబ్దానికి ముందు ఎన్నిసార్లు, అంతే రాయాలి. చేపలమ్మ రాసింది నేను చూడకూడదు, నేను రాసింది ఆవిడ చూడకూడదు. కళ్లు మూసుకుంటే ఎలుకలే పరుగెత్తేవి. 

ఇంట్లో ఇంకో పని సాగుతోంది. డాక్టరు చెప్పినట్టే రోజూ సాయంత్రం నాలుగున్నరకు కెటిల్ పెట్టేవాళ్లం. అక్కాతమ్ముళ్లిద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. ఈల ఆగేదాకా అక్కడే ఉండాలి, అదొక్కటే నియమం. మొదటి రోజు వదిన మూడుసార్లు లేచింది. మూడుసార్లూ తిరిగొచ్చి కూర్చుంది. నాలుగోసారి లేవబోతుంటే మా ఆయన, "అక్కా, నేను కదల్లేకపోతున్నాను, నువ్వు ఆగలేకపోతున్నావు. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మామూలు మనిషి తయారవుతాడు" అన్నారు. వదిన నవ్వింది. ఈల మోగుతూండగానే నవ్వింది.

పది రోజులయ్యేసరికి ఆయన ఈల మధ్యలో పేపరు తిప్పగలిగారు. వదినకు ఇంకా కాళ్లు ఆడుతూనే ఉండేవి. "వాడికి తగ్గింది, నాకే తగ్గట్లేదు" అని ఒకరోజు ఏడ్చేసింది. 

"ఒక్కొక్కళ్లది ఒక్కో తీరట వదినా, డాక్టరే చెప్పారుగా. మీరింకా కూర్చోవాలి, అంతే" అన్నాను.

కూర్చుంది. ఇరవై మూడో రోజున ఈల వేస్తుంటే ఆవిడ కప్పులో చక్కెర కలుపుకుంటూ, నా జడ మరీ సన్నబడిందని ఎగతాళి చేసింది. ఈల ఎప్పుడు ఆగిందో మాలో ఎవరమూ గమనించలేదు.

ఆ ఉత్సాహంలో తొందరపడ్డాం. ఆ వారాంతంలో దుకాణం తెరిచి కొత్త బాయిలరు వెలిగించాం. వాల్వు కూత పెట్టగానే వదిన తలుపు తోసుకుని వీధి చివరిదాకా పరుగెత్తింది. మా ఆయన కౌంటరు పట్టుకుని బిగుసుకుపోయారు. అన్ని రోజుల కష్టమూ నీళ్లపాలయిందనుకుంటూ వదిన వెనకే పరుగెత్తాను.

రోడ్డు మలుపులో గోడకానుకుని నిలబడి ఉంది. "అమ్మేయండి" అంది.

"వదినా, మా ఎలుకలు కూడా ఇంతే. కొత్త పెట్టెలో శబ్దం అలవాటవుతుంది. తీసుకెళ్లి షాకు తిన్న పాత పెట్టెలో పెడితే భయం మళ్లీ లేస్తుంది. నేర్చుకున్నది పోయినట్టు కాదు. అక్కడ కూడా నేర్చుకోవాలి, అంతే."

"నన్ను ఎలుకతో పోలుస్తావటే?"

"ఎలుకనే మీతో పోలుస్తున్నాను."

ఆవిడ ముక్కు తుడుచుకుంది. "ఎన్ని రోజులు పడుతుంది?"

"తెలియదు. ఎలుకల సంగతే ఇంకా తేలలేదు."

ఆవిడ మలుపు దగ్గర్నుంచి దుకాణం కేసి చూసింది. తర్వాత చెప్పులు సరిచేసుకుని, నా కంటే ముందే వెనక్కి నడిచింది. అప్పట్నుంచి రోజూ కెటిల్ బదులు బాయిలరే. దాన్ని బిగించిన మేస్త్రీ ప్రతి నట్టూ, ప్రతి మీటరూ ఇద్దరికీ చూపించాడు. వాల్వు కూసినప్పుడు ఆవిరి ఎటు పోతుందో, ఎంతవరకు మామూలో, ఎప్పుడు ఆపెయ్యాలో నేర్పాడు. మొదట తలుపు దగ్గర నిలబడి విన్నారు. తర్వాత కౌంటరు దగ్గర. ఆ తర్వాత బాయిలరు పక్కన.

ఎలుకల సంగతి వానలకు ముందే తేలింది. నా లెక్కా చేపలమ్మ లెక్కా పక్కపక్కన పెట్టారు. దాదాపు ఒకటే. గడ్డం సారు పేర్లు విప్పి, గీత గీశాడు. గీసి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

గోధుమరంగు ఆడవి శబ్దానికి ముందు అందరిలాగే తిరుగుతున్నాయి. శబ్దం రాగానే దూసుకుపోతున్నాయి. పోల్చి చూడ్డానికి విడిగా ఉంచిన, షాకు ఎప్పుడూ తినకుండా శబ్దం మాత్రమే విన్న అదే జాతి ఆడవి పరుగెత్తడం లేదు. హుషారు కాదు, భయమే. నాలుగు రోజులకు ఆ పరుగు తగ్గలేదు. మేడమ్ అనుమతితో కొత్త గుంపుకు ఎనిమిది రోజులు వినిపిస్తే, ఏడో రోజుకు తగ్గిపోయింది.

"అక్కా" అన్నాడు గడ్డం సారు, ఆ గీత కూడా చూశాక. "నేను వీటిని పారేయబోయాను."

"పారేయలేదుగా."

"శుక్రవారం మీటింగులో ఇది మీరే చెప్పాలి."

"నేనా? నాకు ఆ భాష రాదు సారూ."

"నాకు వచ్చిన భాషే నన్ను ముంచబోయింది. మీకు వచ్చిన మాటల్లోనే చెప్పండి."

శుక్రవారం గదినిండా జనం. వేరే చోటినుంచి వచ్చిన ఒక పెద్దాయన ముందు వరసలో ఉన్నాడు. భయం మీద పని చేసేవాళ్లంతా ఆయన పేరెత్తితే లేచి నిలబడతారు. నా కాళ్లలో వణుకు అరచేతిలోని ఎలుకకు కూడా ఉండదు. పెంటికల దగ్గర మొదలుపెట్టాను. గది ఘొల్లుమంది. వీడియో వేశాను. నవ్వులు ఆగాయి.

చివర్లో పెద్దాయన చెయ్యెత్తాడు. "అయితే ఆడ ఎలుకలన్నీ పరుగెత్తి భయపడతాయంటారా?"

"లేదండి. నల్లజాతి ఆడవి వాటి మగవాటిలాగే బిగుసుకుంటాయి, వాటిలాగే తొందరగా తేరుకుంటాయి. తెల్లజాతిలో ఆడైనా మగైనా తేరుకోవడం ఆలస్యమే. గోధుమరంగులోనే ఆడవి వేరు. ఆడదా మగదా అన్నది ఒక్కటే చూసినా తప్పే, ఏ జాతి అన్నది ఒక్కటే చూసినా తప్పే. రెండూ కలిపి చూడాలి. ముందు ఎలుకను చూడాలి."

ఆయన పక్కాయనతో ఏదో అన్నాడు. తర్వాత మళ్లీ నాకేసి తిరిగి, "మా దగ్గర పదేళ్ల వీడియోలున్నాయి. అవన్నీ మళ్లీ చూడాలమ్మా" అన్నాడు. చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. చేపలమ్మ అయితే ఈల కూడా వేసింది. అచ్చయ్యే పరిశోధన పేపరులో నా పేరు గడ్డం సారు పేరు పక్కనే రెండోదిగా వేస్తున్నట్టు మేడమ్ అక్కడే, అందరి ముందే చెప్పారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన లేచి, "బేకరీ ఆయనకు ఫోను చేశాను. అమ్మట్లేదని చెప్పేశాను" అన్నారు. నా వార్తకు అది సమాధానమేమిటో ఎవరూ అడగలేదు. ముగ్గురం వంటింట్లో నిలబడి పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

వానలు పడిన మొదటి సోమవారం దుకాణం తెరిచాం. ఆసుపత్రి దుప్పట్లు బండెడు వచ్చాయి. తలుపు బయటిదాకా వరస. మా ఆయన గుట్టలు విడదీస్తుంటే, వదిన కౌంటరు వెనక నుంచి మనిషి మనిషినీ దబాయిస్తోంది. జేబులు చూసుకోకుండా ఇచ్చారని ఒకరిని, మరక ఎక్కడో చెప్పలేదని ఇంకొకరిని. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో.

తొమ్మిదిన్నరకు వాల్వు కూత పెట్టింది. గదంతా దద్దరిల్లేలా.

వరసలో ముందున్న పొడుగాటి ఆయన ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. చేతిలోని బట్టలు జారి కిందపడ్డాయి. వదిన మీటరు వైపు ఒకసారి చూసి, వాల్వు పిడిని పావువంతు తిప్పి, కౌంటరు దాటి వచ్చింది. వంగి ఆ బట్టలన్నీ ఏరి ఆయన చేతికిచ్చి, భుజం తట్టింది.

"ఏం కాదు నాయనా, ఆవిరి. కాసేపు ఇక్కడే నిలబడు, అలవాటవుతుంది."